నూకలను గింజలు జేసే మిల్లు: గేముల్ల ఏఐ అప్‌స్కేలింగ్ మంచీ చెడూ

సూర్యాపేటల గాని, కోదాడల గాని, మిర్యాలగూడల గాని గేమింగ్ లాప్‌టాప్ కొందామని దుకాణం మెట్లెక్కితే ఇప్పుడు ముందుగాల ఇనబడే మాట ‘ఏఐ’. ‘ఇండ్ల ఏఐ అప్‌స్కేలింగ్ ఉన్నది తమ్మీ, ఫ్రేములు డబుల్ వస్తయి’ అంటరు. డబ్బా మీద గూడ గదే రాసి ఉంటది. యూట్యూబ్ తెరిస్తే ఒక పక్క మసక బొమ్మ, ఇంకో పక్క మెరిసే బొమ్మ పెట్టి ‘తేడా చూడుండ్రి’ అంటరు. ఆ డబుల్ ఎట్ల వస్తది, ఎక్కడికెల్లి వస్తది, దానికోసం మనం ఏం పోగొట్టుకుంటున్నం అనేది మాత్రం ఎవ్వరు చెప్పరు.

ఇది ఆటల ముచ్చట, మనకెందుకు అనుకోకుండ్రి. పైసల లెక్క చూస్తే తెలుస్తది. ఓ మోస్తరు గేమింగ్ లాప్‌టాప్‌కు 70 వేలు పెట్టాల్నంటే అదేం చిన్న లెక్క గాదు. 2025-26ల ఏ గ్రేడు వడ్లకు కేంద్రం పెట్టిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే ఒక్క లాప్‌టాప్‌కు 29 క్వింటాళ్ళ పైన వడ్లు పొయ్యాలె. ఎకరం బాగ పండినా ఆ పంటంతా ఒక్క డబ్బాకే సరి. కౌలు, ఎరువులు, కూలి తీయకముందు లెక్క ఇది. చదువు కోసమని ఇంట్ల కొనిస్తరు, అండ్లనే ఆట గూడ నడుస్తది. ఆడొద్దని నేను అనను. ఆ పైసలకు వచ్చేది గింజనా, నూకనా అనేది ఎరికై కొనాలె అంటున్న.

నేను ఇంజనీర్‌ను గాదు. చదివి, అడిగి, ఆడే పిల్లల పక్కన కూసొని చూసి నేర్చుకున్నది మీకు అర్థమయ్యేటట్టు చెప్తున్న.

అసలు అప్‌స్కేలింగ్ అంటే ఏంది?

తెర అంటే చుక్కల బట్ట. మన లాప్‌టాప్‌లకు ఎక్కువగ ఉండేది 1080పి తెర. అడ్డం 1,920 చుక్కలు, నిలువు 1,080 చుక్కలు. మొత్తం 20 లక్షల 73 వేల 600. సినిమా అయితే ముందే తీసిపెట్టిన బొమ్మ, చూపెడితే అయిపాయె. గేము అట్ల గాదు. నువ్వు ఎటు తిరిగితే అటు కొత్త బొమ్మ అప్పటికప్పుడు పుట్టాలె. ఒక్కో చుక్కకు ఎండ ఎంత పడ్తది, నీడ ఎంత, పొగ ఎంత అని గ్రాఫిక్స్ చిప్పు లెక్క కట్టాలె. అది గూడ సెకండ్‌కు 60 సార్లు. అంటే సెకండ్‌కు 12 కోట్ల 44 లక్షల చుక్కల లెక్క. పెద్ద టీవీలకు ఉండే 4కె తెర అయితే చుక్కలు నాలుగింతలు, 82 లక్షల 94 వేల 400.

సస్తా చిప్పుకు గింత పని మొయ్యరాదు. గందుకే ఒక ఉపాయం జేసిన్రు. బొమ్మను చిన్నగ గీసి పెద్దగ సాగదీసుడు. 1080పి తెరకు 1,280 ఇంటూ 720 బొమ్మనే లెక్క కట్టి గీస్తది. అంటే 9 లక్షల 21 వేల 600 చుక్కలే. మిగిలిన 11 లక్షల పైచిలుకు చుక్కలను మిషన్ పూరిస్తది. 9 చుక్కలల్ల 4 లెక్క కట్టినవి, 5 పూరించినవి. దీన్నే అప్‌స్కేలింగ్ అంటరు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల కాడ పనిజేసినోళ్ళకు నూక అంటే ఏందో నేను చెప్పాల్సిన పనిలేదు. గింజ ఇరిగితే నూక అయితది, రేటు పడిపోతది. ఇప్పుడొక మిల్లు వచ్చిందనుకో. నూకలు పోస్తే, ‘ఈ ముక్క ఫలానా గింజకెల్లి ఇరిగి ఉంటది’ అని అంచనా కట్టి, నిండు గింజలు జేసి బయటికి పంపుతది. చూస్తే అసలు గింజల లెక్కనే ఉంటది. వండినంక గూడ చానాసార్లు తేడా తెల్వది. అప్‌స్కేలింగ్ అసొంటి మిల్లు.

ఇండ్ల ఏఐ పనేంది? పాతకాలం సాగదీసుడుల పక్క చుక్కల రంగులు కలిపి నడుమ చుక్క పెడ్తుండె. అందుకే బొమ్మ మసక మసక అయితుండె. ఏఐ అట్ల గాదు. ముందుగాల దానికి మస్తు గేము బొమ్మలు చూపెడ్తరు. ఒకటే బొమ్మ చిన్నగ ఉన్నది ఒకటి, పెద్దగ మంచిగ ఉన్నది ఒకటి, జతలు జతలుగ. చిన్నదాన్ని చూసి పెద్దది ఎట్ల ఉంటదో అది నేర్చుకుంటది.

అయితే గేముల్ల అప్‌స్కేలింగ్ ఉత్త అంచనా అంటే అన్యాయం అయితది. ఇంకో ఉపాయం గూడ ఉన్నది. తడక సందులకెల్లి అవతలి వాకిలి చూసిన్రా ఎప్పుడన్న? కదలకుండ నిలబడితే సందులకాడ ఉన్నదే కనబడ్తది. తలకాయ జర ఇటు, జర అటు జరిపితే వాకిలంతా కనబడ్తది. మన మెదడే ముక్కలు కలుపుకుంటది. గేము గూడ అదే జేస్తది. ఒక్కో ఫ్రేముకు చూపును చుక్కల కొంత మందం జరుపుతది. ముందటి ఫ్రేములల్ల దొరికిన ముక్కలను యాది పెట్టుకుంటది. ఏ వస్తువు ఎటు కదిలిందో గేమే చెప్తది కాబట్టి, పాత ముక్కలను కొత్త జాగల అతుకుతది. అందుకే నిలకడగ ఉన్న గోడ, చెట్టు, కరెంటు తీగె మంచిగ వస్తయి. ఉరికే మనిషి, పడే వాన, ఎగిరే పిట్ట కాడ అతుకు తప్పుతది.

ఎట్ల మొదలైంది?

2018ల ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 20 కార్డులు తెచ్చినప్పుడు డీఎల్ఎస్ఎస్ అనే పేరుతోని ఇది బయటికొచ్చింది. మొదటి రకం బాగలేకుండె. 2019 ఫిబ్రవరిల బ్యాటిల్‌ఫీల్డ్ 5ల పెడితే బొమ్మ మసకగ ఉన్నదని ఆడెటోళ్ళు తిట్టిన్రు. 2020 మార్చిల రెండో రకం వచ్చినంకనే అందరు ఒప్పుకున్నరు. పైన చెప్పిన తడక ఉపాయం అప్పటిసందే గట్టిగ పట్టుకున్నది.

2021 జూన్‌ల ఏఎండీ కంపెనీ ఎఫ్ఎస్ఆర్ తెచ్చింది. దానికి ప్రత్యేకం కార్డు అక్కరలేదు, పోటీ కంపెనీ కార్డుల మీద గూడ నడుస్తది. ఇక్కడ ఒక మాట పట్టుకోవాలె. మొదటి మూడు ఎఫ్ఎస్ఆర్ రకాలల్ల అప్‌స్కేలింగ్‌కు ఏఐ లేదు, ఉత్త గణితమే. 2025ల వచ్చిన నాలుగో రకంల ఏఐ పెట్టిన్రు, పెట్టంగనే కొత్త ఆర్‌ఎక్స్ 9000 కార్డులకే అన్నరు. 2022ల ఇంటెల్ ఎక్స్ఈఎస్ఎస్ వచ్చింది. 2024 నవంబర్‌ల సోనీ పీఎస్5 ప్రోకు గూడ తనదొకటి పెట్టింది. దుకాణంల అన్నిటిని కలిపి ‘ఏఐ’ అనే ఒక్క మాటకే కట్టి అమ్ముతరు. ఏ రకమో అడిగితేనే తెలుస్తది.

మంచి ఏందంటే

మొదటి మంచి, పాత మిషన్‌కు ఆయుష్షు. మన పిల్లల చేతుల ఉన్నవి చానామటుకు జీటీఎక్స్ 1650 అసొంటి చిన్న చిప్పులు, లేకపోతే సికింద్రాబాద్ సీటీసీకెల్లి తెచ్చుకున్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు. వీటికి డీఎల్ఎస్ఎస్ రాదు గని ఎఫ్ఎస్ఆర్ వస్తది. 35 ఫ్రేముల కాడ ఈడ్చుకుంట నడిచే గేము అప్‌స్కేలింగ్ పెడితే ఆడేటట్టు అయితది. మూడేండ్ల సంది వాడుతున్న మిషన్‌ను ఇంకో రెండేండ్లు నెట్టుకొస్తే గా పైసలు ఇంట్లనే ఉంటయి. పేదోని పిల్లగానికి ఇంతకంటె పెద్ద మేలేముంటది?

పాత కార్డులకు కొత్త రకం అందుడు గూడ ఉన్నది. 2018ల కొన్న ఆర్‌టీఎక్స్ కార్డుకు గూడ 2025ల వచ్చిన కొత్త ఏఐ అప్‌స్కేలింగ్ నడుస్తది. ఇది మెచ్చుకోవాల్సిన పని, మెచ్చుకుంటున్న.

రెండో మంచి, ఎండకాలం మంచి. మే నెలల మన దిక్కు ఎండ సంగతి తెలుసు గద. రేకుల ఇంట్ల కూసొని గేము పెడితే లాప్‌టాప్ పొయ్యి లెక్క కాల్తది. అప్‌స్కేలింగ్ పెడితే చిప్పుకు పని తగ్గుతది, వేడి తగ్గుతది. గని ఒక షరతు ఉన్నది. సెట్టింగులల్ల ఫ్రేములకు లిమిట్ గూడ పెట్టాలె, 60 అంటే 60. లిమిట్ పెట్టకపోతే మిగిలిన బలంతోని చిప్పు ఇంకిన్ని ఫ్రేములు గీస్తది, వేడి అట్లనే ఉంటది. ఈ చిన్న ముచ్చట చెప్పెటోళ్ళు తక్కువ.

మూడోది, కొన్నిసార్లు అప్‌స్కేలింగ్ బొమ్మనే అసలుకంటె సాఫుగ ఉంటది. సన్న తీగెలు, కంచెలు, దూరంగున్న చెట్ల కొమ్మలు అసలు బొమ్మల మిణుకు మిణుకుమంటయి. క్వాలిటీ మోడ్‌ల పెడితే ముందటి ఫ్రేముల యాదితోని అవి నిలబడ్తయి. ‘అప్‌స్కేలింగ్ అంటేనే మోసం’ అనెటోళ్ళు ఈ సంగతి గూడ చూడాలె.

నాలుగోది, పాత గేములను బతికిచ్చుడు. 2002ల వచ్చిన మోరోవిండ్ అనే గేముకు, ఇంక శానా పాత గేములకు అభిమానులే ఏఐతోని బొమ్మలు పెద్దగ జేసి, పంచిపెట్టిన్రు. లాభం కోసం గాదు, ప్రేమతోని. ఒక్కో బొమ్మ చూసుకొని, తప్పైన కాడ చేతితోని దిద్దుకున్నోళ్ళ పని బాగొచ్చింది.

చెడు ఏందంటే

మొదటిది, యాడ్ల తెర వేరు, మన తెర వేరు. కంపెనీ వీడియోలల్ల చూపెట్టేది 4కె తెర. 4కె మీద పర్ఫార్మెన్స్ మోడ్ పెడితే లోపల గీసేది 1080పి బొమ్మ, అంటే 20 లక్షల అసలు చుక్కలు. దాన్ని సాగదీస్తే బాగనే ఉంటది. అదే మోడ్ మన 1080పి తెరకు పెడితే లోపల గీసేది 960 ఇంటూ 540, అంటే 5 లక్షల 18 వేల 400 చుక్కలే. ఎక్కువ నూకలు పోసిన మిల్లు వేరు, గుప్పెడు నూకలు పోసిన మిల్లు వేరు. గుప్పెడు నూకలకెల్లి అంచనా కట్టాల్నంటే తప్పులే వస్తయి. ఉరికే బండి ఎనక తోక కనబడ్తది, ఎంట్రుకలు పీచు లెక్క అయితయి, దూరంల ఉన్న శత్రువు గోడల కలిసిపోతడు. పెద్ద తెర ఉన్నోనికి దొరికే మంచి చిన్న తెర ఉన్నోనికి అంత దొరకది. అక్కర ఎక్కువున్నోనికే తక్కువ పనిజేస్తది అన్నట్టు.

రెండోది, నడుమ ఫ్రేములు. 2022 అక్టోబర్‌ల ఆర్‌టీఎక్స్ 40 కార్డులతోని ‘ఫ్రేమ్ జనరేషన్’ వచ్చింది. ఇది చుక్కలు నింపుడు గాదు, రెండు అసలు ఫ్రేముల నడుమ ఒక ఫ్రేమును మొత్తంగ పుట్టిచ్చుడు. 2025 జనవరిల వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 కార్డులల్ల ఒక్క అసలు ఫ్రేముకు మూడు పుట్టిచ్చిన ఫ్రేములు పెడ్తరు. పర్ఫార్మెన్స్ అప్‌స్కేలింగ్ గూడ కలిపితే లెక్క చూడుండ్రి. నాలుగు ఫ్రేములల్ల ఒక్కటే అసలు, ఆ ఒక్కదాండ్ల గూడ నాలుగో వంతు చుక్కలే లెక్క కట్టినవి. 16 చుక్కలల్ల ఒక్కటే అసలు గింజ. 15 మిల్లుల పుట్టినవి.

చూస్తానికి బొమ్మ నున్నగ పోతది. చేతికి మాత్రం తేడా తెలుస్తది. నడుమ ఫ్రేము పుట్టియ్యాల్నంటే అటు ఇటు రెండు అసలు ఫ్రేములు చేతుల ఉండాలె. అంటే రెండోది తయారైనంక గూడ దాన్ని ఆపిపెట్టి, నడుమది చూపెట్టినంకనే చూపెడ్తరు. సెకండ్‌కు 30 అసలు ఫ్రేములు ఉంటే ఒక్కోదానికి నడుమ 33 మిల్లీసెకండ్లు. ఫ్రేమ్ జనరేషన్‌తోని తెర మీద 60 అని చూపెడ్తది, నీ వేలు నొక్కిన దెబ్బ మాత్రం 30 ఫ్రేముల మందకొడితనం మీద ఇంకింత ఆలస్యంగ పడ్తది. కథ చూసుకుంట నిదానంగ ఆడే గేముకు పర్వాలేదు. కాల్చుకునే గేముల అవతలోడు నీకంటె ముందు కాలుస్తడు.

కోదాడ దిక్కు తమ్ముడొకడు గిదే బాధ చెప్పిండు. దుకాణపాయన చూపెట్టిన నంబర్ చూసి కొన్నడు, ఇంటికాడ అదే నంబర్ వస్తున్నది, గని ‘నొక్కితే లేటు పడ్తున్నదన్నా, మిషన్ ఖరాబున్నదా’ అని అడిగిండు. మిషన్ ఖరాబు లేదు. నంబర్ల సగం ఫ్రేములు పుట్టిచ్చినవి. దుకాణంల ఆ ముక్క చెప్పలే, అంతే. మీరు ఫోన్ల ఆడే గేములకు గూడ ఇదే లెక్క. కొన్ని ఫోన్లల్ల ఇసొంటి నడుమ ఫ్రేముల సెట్టింగ్ ఉంటది. బీజీఎంఐ అసొంటి ఆటకు అది పెట్టుకొని నున్నగున్నదని మురిస్తే తుపాకి దెబ్బ తప్పించుకోలేరు.

మూడోది, నంబర్ల గారడి. 2025 జనవరిల అమెరికాల జరిగిన సీఈఎస్ సభల ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ స్టేజీ మీద నిలబడి, 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 కార్డు 4090 అంత పనిజేస్తదన్నడు. 4090 వచ్చినప్పుడు ధర 1,599 డాలర్లు. మూడో వంతు ధరకు అదే బలమా అని లోకమంతా నోరు తెరిచింది. కార్డులు చేతికొచ్చినంక పరీక్షలు జేసెటోళ్ళు తేల్చిందేందంటే, పుట్టిచ్చిన ఫ్రేములు లెక్కల కలిపితేనే ఆ మాట, అసలు ఫ్రేములు ఎంచితే దగ్గరికి గూడ రాదు. ఏఐ లేకపోతే ఇది కాకపోవు అని ఆయన గూడ అక్కడనే అన్నడు. గని దుకాణం దాక వచ్చేసరికి ముందటి మాటే మిగుల్తది.

నాలుగోది, కంపెనీల బద్ధకం. అప్‌స్కేలింగ్ ఆపతికి ఆదుకునేటందుకు వచ్చింది. ఇప్పుడు అదే ఆధారమైంది. 2023ల వచ్చిన రెమ్నెంట్ 2 గేమును అప్‌స్కేలింగ్ ఉంటదనే లెక్కతోనే తయారు జేసినమని తయారుజేసినోళ్ళే చెప్పిన్రు. అదే ఏడు వచ్చిన అలన్ వేక్ 2కు కనీసం కావాల్సిన మిషన్ ఏందని పట్టిక ఇస్తే, 30 ఫ్రేములకు గూడ అప్‌స్కేలింగ్ పెట్టి లెక్క రాసిన్రు. 2025 ఫిబ్రవరిల వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ అయితే 1080పిల 60 ఫ్రేములకు ఫ్రేమ్ జనరేషన్ పెట్టుకోమన్నది.

సాగర్ ఎడమ కాల్వ కింద టేల్ ఎండ్ రైతులకు ఈ సంగతి మంచిగ అర్థమైతది. నీళ్ళు అందని ఏడు ఆసరకుంటదని బోరు ఏసుకుంటరు. ‘బోరున్నది గద’ అని కాల్వ నీళ్ళే ఇడువకపోతే ఎట్లుంటది? గేము కంపెనీలు చేస్తున్నది గదే. గేమును తేలికగ నడిచేటట్టు చేసే కష్టం వాళ్ళు పడాలె. అది ఇడిసిపెట్టి ‘అప్‌స్కేలింగ్ పెట్టుకోండ్రి’ అంటున్నరు. పాత మిషన్‌కు ఆయుష్షు ఇస్తదన్న మంచి గిట్ల చేతులకెల్లి జారిపోతున్నది.

ఐదోది, తలుపులకు తాళాలు. డీఎల్ఎస్ఎస్‌కు ఆర్‌టీఎక్స్ కార్డే కావాలె. ఫ్రేమ్ జనరేషన్‌కు 40, ఆపైన. నాలుగింతల ఫ్రేములకు 50. ఏఎండీ గూడ నాలుగో ఎఫ్ఎస్ఆర్ కాడికొచ్చేసరికి అదే దారి పట్టింది. కొత్త మాట పుట్టినప్పుడల్ల కొత్త కార్డు కొనాల్నంటే 29 క్వింటాళ్ళోనికి నడవది.

ఆరు మూలల నట్టు గుండ్రంగ అయిన కథ

ఏఐ అంచనా ఎక్కడ దెబ్బతింటదో తెలుసుకోవాల్నంటే జీటీఏ కథ ఇనాలె. 2002 వైస్ సిటీ, 2004 శాన్ ఆండ్రియాస్. మన ఊర్ల నెట్ సెంటర్లల్ల గంటకు ఇన్ని పైసలని ఇచ్చి ఆడిన గేములు, నా వయసోళ్ళు గూడ ఎరుగుదురు. 2021 నవంబర్ 11న రాక్‌స్టార్ కంపెనీ జీటీఏ 3తోని కలిపి ఈ మూడిటికి కొత్త రూపం ఇచ్చి అమ్మకానికి పెట్టింది. అమ్మేముందు పాత రూపాలను దుకాణంకెల్లి తీసేసింది.

ఇక్కడ అప్‌స్కేలింగ్ ఆడేటప్పుడు నడిచేది గాదు. గోడలు, బోర్డులు, బట్టల బొమ్మలను ముందే ఏఐతోని పెద్దగ జేసి గేముల పెట్టిన్రు. వేల బొమ్మలు, మనిషి కన్ను పడనివి ఎన్నో. దుకాణం బోర్డుల మీద అక్షరాలు తప్పులైనయి. శాన్ ఆండ్రియాస్‌ల టఫ్ నట్ డోనట్స్ అనే దుకాణం ఉంటది. దాని మీద పెద్ద ఇనుప నట్టు బొమ్మ. పేరుల ఉన్న పరాచికమే అది. పాత గేముల నట్టుకు ఆరు మూలలు ఉండె. కొత్తదాండ్ల మూలలు అరిగి గుండ్రంగ అయింది. సాపు జేసే పనిల ఆ మూలలు పోయినయి.

ట్రాక్టర్ మెకానిక్‌ను అడుగుండ్రి, గుండ్రటి నట్టుకు పానా ఎక్కడ పడ్తదో. మిషన్‌కు నట్టు అంటే ఏందో తెల్వది, ఆ పరాచికం అసలే తెల్వది. దానికి తెలిసింది ఒక్కటే, ఇసొంటి గీతలు ఎక్కువసార్లు ఎట్లుంటయి అనేది. ఆడెటోళ్ళు లొల్లి పెడితే వారం దాటంగనే రాక్‌స్టార్ తప్పైందని ఒప్పుకున్నది, పాత పీసీ రూపాలను మళ్ళ తన దుకాణంల పెడ్తమన్నది. ఇక్కడ పాఠం ఏందంటే, అప్‌స్కేలింగ్ జేసినంక మనిషి చూసి దిద్దాలె, అసలును దాచిపెట్టాలె. పైసా తీసుకోని అభిమానులు చేసిన పనిని పైసలున్న కంపెనీ చెయ్యలే.

ఆట దాటితే ఆట గాదు

గేముల నట్టు గుండ్రంగ అయితే నవ్వుకుంటం. ఇదే రకం పని మన ఫోన్లల్లకు గూడ వచ్చింది. పాత ఫోటో పెట్టు, ‘హెచ్‌డీ’ జేస్తం అనే యాప్‌లు ఎన్ని ఉన్నయో మీకే ఎక్కువ తెలుసు. గేములనన్న ఏ వస్తువు ఎటు కదిలిందో గేమే చెప్తది, ముందటి ఫ్రేముల ఆధారం ఉంటది. ఒక్క ఫోటోకు ఆ ఆధారం లేదు. అక్కడ ఉన్నది ఉత్త అంచనానే.

ఆ అంచనా ఎవ్వలను ఎక్కువ చూసిందో వాళ్ళ దిక్కే వంగుతది. 2020ల అమెరికాల డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన పల్స్ అనే ప్రోగ్రాంకు బరాక్ ఒబామా మసక ఫోటో ఇస్తే తెల్లాయన మొఖం బయటికొచ్చింది. లోకమంతా ఎరిగిన నల్లజాతి అధ్యక్షుని మొఖమే గట్లయితే, మన తాతమ్మల మొఖాలు ఏమైతయి? 1946 సంది 1951 దాక నడిచిన సాయుధ పోరాటంల సూర్యాపేట తాలూకా ముందువరసల ఉండె. మల్లు స్వరాజ్యం పుట్టింది ఈడనే, కరివిరాల కొత్తగూడెంల. ఆనాటి మనుషుల ఫోటోలు దొరికేదే తక్కువ. దొరికినవి మసకబారినవి. వాటిని యాప్‌ల ఏసి తళతళలాడిచ్చి వాట్సాప్‌ల తిప్పుతున్నం. నున్నటి చెంపలు, సినిమా కండ్లు వస్తున్నయి. అది ఆ మనిషి మొఖం గాదు. నాలుగుసార్లు తిరిగితే అసలు ఏదో ఎవ్వరికి ఎరుక ఉండది.

అక్షరాల సంగతి ఇంకా నాజూకు. తెలుగుకు ఒత్తులుంటయి, అవి చిన్నగ కిందికి ఉంటయి. మసక ఫోటోల మొదలు చెరిగేది అవే. ‘గడ్డి’ల ఒత్తు పోతే ‘గడి’ అయితది. ఒకటి పశువులు మేసేది, ఇంకోటి దొర ఉండేది. గోడ మీద రాతనో, పాత పహాణీ కాయితమో ఏఐతోని సాఫు జేసి చదివితే ఏం చదువుతున్నమో జర ఆలోచన చెయ్యుండ్రి.

అన్నిటికంటె పెద్ద భయం సీసీ కెమెరా. 2024ల అమెరికాల వాషింగ్టన్ రాష్ట్రంల కింగ్ కౌంటీ కోర్టు ఒక హత్య కేసుల ఏఐతోని సాఫు జేసిన వీడియోను సాక్ష్యం కింద తీసుకోనన్నది. అసలు వీడియోల లేని చుక్కలను మిషన్ పెట్టింది, అది ఎట్ల పెట్టిందో ఎవ్వలు పరీక్ష చేసి చెప్పలేరు అనేది అక్కడి వాదన సారం. మన దిక్కు ఊరూరికి సీసీ కెమెరాలు వచ్చినయి. మసక వీడియోకు ఏఐ మొఖం అతికిచ్చి ‘వీడే’ అని గ్రూపులల్ల పెడితే, పట్టుబడేది గట్టిగ అడగలేని ఇంటి పిల్లగాడే. గేముల అంచనా తప్పితే ఒక పాయింటు పోతది. ఈడ తప్పితే మనిషి పోతడు.

కొనేముందు, ఆడేముందు

ఇగ పనికొచ్చే నాలుగు ముచ్చట్లు.

దుకాణంల ఫ్రేముల నంబర్ చెప్తే, అప్‌స్కేలింగ్ బంద్ పెట్టి ఎంత, ఫ్రేమ్ జనరేషన్ బంద్ పెట్టి ఎంత అని అడుగుండ్రి. సెట్టింగులల్లకు పోయి రెండు బంద్ పెట్టి, మీ ముందే నడిపియ్యమనుండ్రి. దుకాణంల నడిపియ్యకపోతే, అదే మోడల్ పరీక్షల వీడియోలు చూసి ఆ నంబర్ ఎంచుకోండ్రి. అసలు నంబర్ మీదనే బేరం.

1080పి తెర ఉంటే అప్‌స్కేలింగ్‌ను క్వాలిటీ మోడ్‌ల పెట్టుండ్రి. అంతకంటె కిందికి పోయే బదులు నీడలు, పొగ, గడ్డి అసొంటి సెట్టింగులు తగ్గించుకుంటే బొమ్మ నిజంగ ఉంటది, చిప్పు గూడ అలుపు తీసుకుంటది.

ఫ్రేమ్ జనరేషన్ బంద్ పెట్టినప్పుడు 60 ఫ్రేముల దగ్గర్ల వస్తుంటేనే దాన్ని ముట్టుండ్రి. 30 వచ్చేదాన్ని 60 చేసుకునేటందుకు అది మందు గాదు. కాల్చుకునే, పోటీవడే ఆటలకు బందే పెట్టుండ్రి.

ఫోటో, వీడియో, కాయితం ఏదైనా ఏఐల ఏసేముందు అసలు కాపీ ఇంకో జాగల పెట్టుకోండ్రి. పంచేటప్పుడు ‘ఇది ఏఐతోని మార్చినది’ అని ఒక ముక్క రాయుండ్రి. మొఖం గుర్తుపట్టే పనికి, తగాదా తెంచే పనికి దాన్ని ఎన్నడూ వాడకుండ్రి.

ఏఐ అప్‌స్కేలింగ్‌ను నేను తిడ్తలేను. ఆకలైనప్పుడు నూకల జావ గూడ ప్రాణం నిలబెడ్తది, మా ఇండ్లల్ల తెలియంది గాదు. గని నూకలను సన్నబియ్యం ధరకు అమ్ముతుంటే నోరు మూసుకొని కొనొద్దు.

కొనుగోలు కేంద్రం కాడ మన నాయినలు వడ్లు పోస్తే మిషన్ పెట్టి తేమ చూస్తరు, 17 శాతం దాటితే ఎనక్కి పంపుతరు. తాలు ఎంత, మట్టి ఎంత అని బస్తాకింత తరుగు తీస్తరు. గింజ గింజకు లెక్క మనతోని కట్టిచ్చిన లోకం ఇది. ఆ వడ్ల పైసలతోనే లాప్‌టాప్ కొంటున్నప్పుడు, ‘నీ ఫ్రేములల్ల తాలు ఎంత?’ అని అడిగే హక్కు మనకు లేదా? అడుగుండ్రి.